వంచి పట్టుకుంటేనే పనిచేసే పోర్టుకు ఏం చేయాలి

"అన్నా, కొంచెం వంచి పట్టుకుంటే వస్తుంది."

గుంటూరు బ్రాడీపేటలో నా రిపేరు బల్ల ముందు ఈ మాట వినపడని రోజు ఉండదు. అంటూనే కేబుల్‌ని చేత్తో వంచి చూపిస్తారు. హార్డ్ డిస్క్ లైటు వెలుగుతుంది, వాళ్ల మొహం కూడా వెలుగుతుంది. నాకు మాత్రం అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది. పోర్టు, అంటే కేబుల్ దూర్చే సాకెట్, లూజైనందుకు కాదు, లూజైన దాన్ని అన్నాళ్లు వంచి వంచి వాడినందుకు.

కిందటి పెళ్లిళ్ల సీజన్‌లో తెనాలి నుంచి ఒక ఫొటోగ్రాఫర్ అబ్బాయి వచ్చాడు. చేతిలో పోర్టబుల్ హార్డ్ డిస్క్. కేబుల్ కదలకుండా రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి, కింద ఎత్తుకి విజిటింగ్ కార్డు మడిచి పెట్టాడు. మూడు వారాలు అలాగే నడిపించాడట. ముందు రోజు రాత్రి కాపీ మధ్యలో డిస్క్ మాయమైంది. మళ్లీ పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. మూత విప్పి భూతద్దం కింద పెట్టాను. సాకెట్‌ను బోర్డుకి పట్టి ఉంచే కాళ్లు నాలుగు. వాటిలో రెండు బోర్డు మీది రాగి పొరతో సహా పైకి లేచాయి, ఎండిన పుండు మీద పెచ్చు లేచినట్టు. కేబుల్‌ని వేలితో తాకితే చాలు, సాకెట్ వెంట్రుకవాసి లేచి మళ్లీ కూర్చుంటోంది. అలా లేచిన ప్రతిసారీ కంప్యూటర్ లెక్కలో డిస్క్‌ని పీకేసినట్టే. ఫైలు రాస్తున్న సమయంలో అది జరిగితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే చెడిపోతుంది.

ఆ డిస్క్‌లో ఉన్న రెండు పెళ్లిళ్లలో ఒకటి పూర్తిగా దక్కింది. రెండోదాంట్లో జీలకర్ర బెల్లం దగ్గరి ఫైళ్లు రాలేదు. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి వాడేశాడు. ఆ అబ్బాయి బల్ల మీద రెండు చేతులూ పెట్టి మాట లేకుండా నిలబడిపోవడం ఇంకా నా కళ్ల ముందే ఉంది. ఇంకొకరికి అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు డేటా, పోర్టు సంగతి తర్వాత

పోర్టు లూజని అనుమానం రాగానే ఆ డిస్క్‌లో కొత్తగా ఏమీ రాయకండి. అందులో ఉన్న ఫైళ్ల మీద ఎడిటింగ్ నడుస్తుంటే ఆపేయండి. ల్యాప్‌టాప్, డిస్క్ రెండూ గట్టి బల్ల మీద పెట్టండి. మంచం మీదా ఒళ్లోనూ వద్దు. కేబుల్‌ని సాకెట్‌కి బెత్తెడు దూరంలో బల్లకి టేపుతో అంటించండి. టేపు పని కేబుల్‌ని వంచడం కాదు, దాని బరువు సాకెట్ మీద పడకుండా ఆపడం.

ఇప్పుడు అతి ముఖ్యమైన ఫోల్డర్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా కాపీ చేసుకోండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే చేయండి. మొత్తం డిస్క్‌ని ఒకేసారి లాగితే మధ్యలో ఊడినప్పుడు ఏది వచ్చిందో ఏది రాలేదో తేలదు. విండోస్ "ఫార్మాట్ చేయాలా" అంటే వద్దనండి. "స్కాన్ చేసి సరిచేయాలా" అన్నా కూడా డేటా బయటికి వచ్చేదాకా వద్దనే అనండి, ఎందుకంటే ఆ సరిచేయడంలో అది డిస్క్ మీద రాస్తుంది. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ పనిచేయాలని ఫొటోగ్రాఫర్లు డిస్కుల్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటారు. అందులో విండోస్ సొంత పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో లాగా చేస్తున్న మార్పుల్ని ముందే చిట్టాలో రాసుకునే ఏర్పాటు లేదు. మధ్యలో ఊడితే దెబ్బ గట్టిగా తగిలేది దీనికే.

డిస్క్ లోపల టిక్ టిక్ మని ఒకే లయలో చప్పుడు వస్తుంటే ఒక్కసారి వేరే పోర్టులో పెట్టి చూడండి, కరెంటు చాలక కూడా అలా కొట్టుకోవచ్చు. అక్కడా అదే చప్పుడైతే తీసేసి పక్కన పెట్టండి. అది ఇంక పోర్టు జబ్బు కాదు. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక్కడ చాలామందికి తెలియని ఉపాయం ఒకటుంది. పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది వెడల్పాటి, మధ్యలో నొక్కు ఉన్న సాకెట్. దాని పేరు మైక్రో-బి. బాగా గమనిస్తే అందులో రెండు గదులుంటాయి. పెద్ద గదిలో పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ సరిగ్గా పడుతుంది. వేగంగా నడిచే కొత్త రకం యూఎస్‌బీ 3.0 పిన్నులు దెబ్బతిన్న డిస్కులు కూడా ఆ పాత కేబుల్‌తో పాత రకం 2.0 వేగంలో నిలకడగా నడవడం నేను ఎన్నోసార్లు చూశాను. వేగం మాత్రం సెకనుకి 30, 40 మెగాబైట్లకి మించదు. 500 జీబీ దించుకోవడానికి మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. పట్టనివ్వండి. రాత్రి భోజనాలకి ముందు మొదలుపెట్టి పక్కనే కూర్చుంటే పడుకునే వేళకి అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని చవక కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌కి పెట్టి ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి.

దొంగ ఎవరో పట్టుకోవడం

డేటా భద్రంగా ఉందనుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి. ఇక్కడ అనుమానితులు నలుగురు: కేబుల్, డిస్క్ వైపు సాకెట్, ల్యాప్‌టాప్ వైపు పోర్టు, కరెంటు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు రెండూ ఒకేసారి మార్చితే బాగుపడొచ్చు కానీ తప్పు దేనిదో మీకు తెలియదు. తెలియకపోతే మంచి పోర్టుని చెడిందనుకుని డబ్బులు తగలేస్తారు. చిన్న కాగితం మీద రాసుకుంటూ పోండి. ఫలానా కేబుల్, ఎడమ పోర్టు, ఇన్ని నిమిషాలు నిలిచింది, అని. మంచి కేబుల్ ఒకటి ఖాయమైతే దాని తల మీద గోళ్ల రంగు చుక్క పెట్టుకోండి. నా బల్ల మీద ఎర్ర చుక్క కేబుళ్లు మూడున్నాయి, వాటితో తప్ప పరీక్ష చేయను.

మొదట కేబుల్ మార్చండి. నా దగ్గరికి లూజు కంప్లెయింట్‌తో వచ్చేవాటిలో కేబుల్ మార్చగానే తీరిపోయేవి చాలా ఉంటాయి. మంచి కేబుల్‌తో కూడా ఊడుతుంటే అదే కేబుల్, అదే డిస్క్ తీసుకెళ్లి వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టండి. అక్కడ గంటసేపు బాగా నిలిస్తే మీ ల్యాప్‌టాప్ పోర్టుని అనుమానించాలి. అక్కడా ఊడితే డిస్క్ సాకెట్‌ది తప్పు.

"మౌస్ పెడితే పనిచేస్తోంది కదండీ, పోర్టు బాగానే ఉంది" అంటారు కొందరు. ఆ పరీక్ష సరిపోదు. యూఎస్‌బీ 3.0 పోర్టులో మొత్తం తొమ్మిది పిన్నులుంటాయి. మౌస్ వాడుకునేది అందులో పాతవి నాలుగే. వేగంగా కాపీ చేసే మిగతా ఐదూ చచ్చిపోయి ఉన్నా మౌస్ హాయిగా తిరుగుతుంది. పైగా మౌస్‌కి కరెంటు అవసరం బహు తక్కువ. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగడం మొదలయ్యే క్షణానికి ఎక్కువ కరెంటు కావాలి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ యాంపియర్లు, 3.0 పోర్టు ఇవ్వాల్సింది 900. పెన్‌డ్రైవ్ నిలిచి, హార్డ్ డిస్క్ మాత్రమే పడిపోతుంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ (ఒక పోర్టుని నాలుగైదు పోర్టులుగా చేసే డబ్బా) ద్వారా పెట్టి చూడండి. నిలిస్తే అది కరెంటు సమస్య. ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే మామూలు చిన్న హబ్ ఇక్కడ పనికిరాదు.

నీలం రంగు (3.0) పోర్టులో పెట్టినా కాపీ నత్తనడక నడుస్తోందా? తీసి, ఈసారి తటపటాయించకుండా ఒకే ఊపులో లోపలికి తొయ్యండి. పాత నాలుగు పిన్నులు ముందు తగులుతాయి, కొత్త ఐదూ ఆ తర్వాత తగులుతాయి. మెల్లగా తోస్తే ల్యాప్‌టాప్ దాన్ని 2.0 అనే నిర్ణయించుకుంటుంది.

ఎటు తిప్పి పెట్టినా పట్టే టైప్-సి అయితే పరీక్ష ఇంకా సులువు. తలకిందులు చేసి పెట్టండి. అందులో 24 కాంటాక్టులు, పైన పన్నెండు, కింద పన్నెండు. ఒక వైపు పెడితే పనిచేసి, తిప్పి పెడితే చేయకపోతే ఒక వరుసలో మురికో విరిగిన పిన్నో ఉంది. అది కేబుల్‌దా పోర్టుదా అన్నది ఇంకో కేబుల్‌తో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో చిక్కు. హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంది. పోర్టు పాడైందని అనుకుంటారు. యూఎస్‌బీ 3.0 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, మౌస్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కి పెట్టే దాని చిన్న రిసీవర్) వాడేదీ అదే. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం విడుదల చేసింది. డాంగిల్‌ని రెండో వైపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద దూరంగా పెట్టండి. రిపేరు ఏమీ అక్కర్లేదు.

శుభ్రం చేయడం

సంక్రాంతి దాటాక నా బల్ల మీదికి మిర్చి యార్డు ల్యాప్‌టాపులు వస్తాయి. కమిషన్ కొట్ల గుమాస్తాలు కాటా పక్కనే పెట్టుకుని లెక్కలు రాసుకునేవి. ఒకసారి ఒకదాని టైప్-సి పోర్టులోకి టార్చి వేసి చూస్తే లోపలి గోడకి ఎర్రటి పొర. చెక్క పుల్ల కొసతో గీరితే పొడిలా రాలలేదు. దారపు నూగు, కారం కలిసి నొక్కుకుపోయి చిన్న కంబళి ముక్కలా ఒకే తునకగా వచ్చింది. అరచేతిలో వేసుకుని ఆ గుమాస్తాకి చూపించాను. "కేబుల్ పూర్తిగా లోపలికి పోవడం లేదని అప్పుడే అనుకున్నా" అన్నాడు. మిరప పొడిలో నూనె ఉంటుంది, అందుకే గాలి కొడితే పోదు, అంటుకుంటుంది. మీరు కూడా కేబుల్ తల, పోర్టు అంచు మధ్య సందు కనిపిస్తుంటే ముందు లోపల మురికి ఉందేమో చూడండి. పోర్టు మార్చాలన్న మాట ఆ తర్వాత.

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపండి, స్లీప్ కాదు. చార్జర్ తీసేయండి. పోర్టులోకి టార్చి వేసి, కావాలంటే ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. మురికి తీయడానికి పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల చాలు, కొసని కొంచెం పలచగా చెక్కి వాడండి. పిన్నీసు, సూది, హెయిర్ పిన్ను మాత్రం వద్దు. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా ఫోన్ చార్జింగ్ కోసమని కొన్ని పోర్టుల్లో 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. ఇనుప మొన రెండు పిన్నుల్ని కలిపిందంటే షార్ట్ అవుతుంది. టైప్-సి మధ్యలో ఉండే నాలుక చాలా సున్నితం. పుల్లని గోడ వెంబడే నడపండి, నాలుకని పక్కకి నెట్టకండి.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మా భాషలో ఐపీఏ. 99 శాతం ఉన్నది ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో అడగండి. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మెత్తని చిన్న బ్రష్‌ని ఐపీఏలో ముంచి, విదిలించి, పోర్టుని కిందికి వంచి నాలుగైదుసార్లు తోమండి. ద్రవం లోపలికి కాదు, బయటికి కారాలి. పావుగంట ఆరనిచ్చి అప్పుడు ఆన్ చేయండి. కేబుల్ తలని కూడా తోమండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. పిన్నుల మీద ఆకుపచ్చ మరక కనిపిస్తే అది రాగికి పట్టిన చిలుము, తేమ పనే. పలచగా ఉంటే ఐపీఏకి పోతుంది. పిన్ను తినేసి ఉంటే పోర్టు మార్చక తప్పదు.

ముట్టుకోకుండానే ఊడుతుంటే

ముట్టుకుంటే ఊడితే అది వస్తువు జబ్బు. ముట్టుకోకుండా, కాసేపు వాడకుండా వదిలేసిన తర్వాతో, నిద్రలోంచి లేపినప్పుడో ఊడితే సెట్టింగులు చూడండి. విండోస్‌లో పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది, దాన్ని ఆపండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్ దీన్ని ఆపుకోవచ్చు అన్న టిక్కు తీసేయండి. ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో 05, సీ5 అనే వరుసల్లో రా వాల్యూస్ అన్న గడిలో సున్నా కాక ఇంకేదైనా అంకె ఉంటే డిస్క్ పళ్లేనికే దెబ్బ తగిలిందని అర్థం. పోర్టు ఎంత బాగుచేసినా అది బాగుపడదు.

చార్జింగ్ పిన్ను, టీవీ కేబుల్

గుండ్రటి చార్జర్ పిన్నుల్లో కొన్నింటి మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు, "నేను ఫలానా చార్జర్‌ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనే ముందు ఆ సూది నిటారుగా ఉందో లేదో చూడండి. చార్జర్ తల వేడెక్కుతున్నా, కాలిన వాసన వస్తున్నా, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా ఆ క్షణమే తీసేయండి. లూజు కాంటాక్టు దగ్గర వేడి పుడుతుంది. దాన్ని వంచి పెట్టి నిద్రపోవడం ఇంటికే ప్రమాదం. పిల్లలున్న ఇళ్లలో ఈ మాట నేను రెండుసార్లు చెప్పి పంపిస్తాను.

ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయి వచ్చినప్పుడు నేను ముందు ఇంట్లో ఎర్తింగ్ గురించే అడుగుతాను. చార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదు, లేదా మూడు పిన్నుల చార్జర్‌ని రెండు పిన్నుల బోర్డులో పెట్టారు. పాత ఇళ్లలో ఇది మామూలే. అలాంటి ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ని, కేబుల్ కనెక్షన్ తగిలించి ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు రెండింటి మధ్య ఉన్న తేడా అంతా ఆ సన్న పిన్నుల గుండా పోతుంది. అందుకని ముందు రెండూ ఆపండి, చార్జర్ తీయండి, టీవీ ప్లగ్గు కూడా తీయండి, అప్పుడు కేబుల్ కలపండి, ఆ తర్వాత ఆన్ చేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచేయించుకోవడం మాత్రం మానకండి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు

ఇంట్లో సూపర్ గ్లూ వేసి తీసుకురావద్దని చేతులు జోడించి చెబుతున్నాను. దాని ఆవిరి పిన్నుల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. కాళ్లు సోల్డర్ చేసి బాగుచేయగలిగిన పోర్టు ఆ పొర వల్ల పనికిరాకుండా పోతుంది.

షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ పోర్టు మదర్‌బోర్డు (ల్యాప్‌టాప్ ప్రధాన బోర్డు) మీద ఉందా, విడి బోర్డు మీద ఉందా? చాలా ల్యాప్‌టాపుల్లో ఒక వైపు పోర్టులన్నీ చిన్న విడి బోర్డు మీద ఉంటాయి, దాన్నొక పట్టీ కేబుల్ కలుపుతుంది. అప్పుడు సోల్డరింగ్ ఏమీ లేకుండా ఆ బోర్డు మార్చేస్తే సరిపోతుంది. కొన్నిటిలో చార్జింగ్ జాక్ కూడా తీగతో విడిగా వస్తుంది. మదర్‌బోర్డు మీదే ఉంటే హాట్ ఎయిర్‌తో, అంటే వేడి గాలితో సోల్డర్ కరిగించి, పాతది తీసి కొత్తది పెట్టాలి. టైప్-సి అయితే మైక్రోస్కోప్ లేకుండా చేసేవాళ్లకి ఇవ్వకండి. "మదర్‌బోర్డే మార్చాలి" అని మొదటి మాటగా అంటే ఇంకో చోట కూడా చూపించండి. డిస్క్ విషయంలో ఒక తేడా ఉంది. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ సొంత బోర్డు మీదే ఉంటుంది, లోపలి డిస్క్‌ని తీసి ఇంకో డబ్బాలో పెట్టుకునే వీలుండదు. ఆ సంగతి విప్పకముందే అడిగి తెలుసుకోండి.

కొత్త పోర్టు వచ్చాక దానికి ఆయుష్షు ఎంత? ప్రమాణం ప్రకారం మామూలు వెడల్పాటి పోర్టు, అంటే యూఎస్‌బీ-ఏ, కనీసం 1,500 సార్లు, టైప్-సి కనీసం 10,000 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలి. రోజుకి నాలుగుసార్లు పెట్టి తీస్తే మొదటిది ఏడాది పైచిలుకు, రెండోది ఏడేళ్లకి దగ్గర. కాబట్టి రోజూ వాడే పోర్టుకి జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి వదిలేయండి. పెట్టడం తీయడం దాని మీద జరగనివ్వండి, అరిగితే అదే అరుగుతుంది. తెనాలి అబ్బాయి ల్యాప్‌టాప్‌కి నేనే ఒకటి పెట్టి, దాని మీద ఆ రోజు తేదీ మార్కర్‌తో రాసిచ్చాను.

వస్తువు తిరిగి తీసుకునేటప్పుడు లైటు వెలిగిందని చూసి వచ్చేయకండి. అక్కడే కూర్చుని పది జీబీ ఫైలు ఒకటి కాపీ పెట్టించండి. కాపీ నడుస్తుండగా కేబుల్‌ని వేలి కొసతో అటూ ఇటూ మెల్లగా తాకండి. టైప్-సి అయితే తిప్పి పెట్టించి మళ్లీ కాపీ చేయించండి. రెండుసార్లూ ఆగకుండా చివరిదాకా వెళ్తేనే డబ్బులివ్వండి.